జర అడ్జస్ట్ అవ్వు

జమున ఇంగ్లీషు టీచరు. లక్సెట్టిపేటలో ఆమె ఇల్లు. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే బడి. కొత్త జిల్లాలకు ఉద్యోగులను పంచిన ఏడాది ఆమె పేరు ఆదిలాబాద్ జిల్లా లిస్టులో తేలింది. భర్త కరుణాకర్ నీటిపారుదల శాఖ ఆఫీసులో క్లర్కు. అతని పేరు మాత్రం మంచిర్యాల జిల్లాలోనే ఉండిపోయింది. పెళ్లి పత్రిక, ఇద్దరి ఉద్యోగ కాగితాలు పట్టుకుని జమున జిల్లా ఆఫీసుకు పోయింది. అక్కడ సెక్షన్ చూసే మనిషి అవన్నీ తిరగేసి, తల ఎత్తకుండానే అన్నాడు.

"దంపతుల కేసులన్ని మళ్ల చూస్తరట మేడమ్. ఆర్నెల్లు జర అడ్జస్ట్ అవ్వండి."

ఆర్నెల్లన్నది దాదాపు మూడేళ్లకు సాగింది.

ఆమెకు దొరికిన హైస్కూలు ఇచ్చోడ నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి. ఇచ్చోడలోనే ఒక గది కిరాయికి తీసుకుంది. ఇల్లుగలామె దేవవ్వ తాళంచెవి చేతిలో పెడుతూనే, "నల్ల నీళ్లు రెండు దినాలకోపారి వస్తయి మేడమ్, జర అడ్జస్ట్ చేస్కోవాలె" అని చెప్పింది. శనివారం బడి విడిచాక జమున నిర్మల్ బస్సు ఎక్కేది. అక్కడ దిగి ఖానాపూర్, జన్నారం మీదుగా పోయే ఇంకో బస్సు. ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురు కూర్చోవాల్సిందే. ఒడిలో బ్యాగు, బ్యాగు మీద ఎవరిదో చంటిపిల్ల. "అక్కా, జర అడ్జస్ట్ అవ్వరాదు" అంటూ నాలుగో మనిషి నడుము ఆనించేది. జమున కిటికీ వైపు ఇంకో జానెడు జరిగేది. ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటేది.

హెడ్మాస్టర్ భానుప్రసాద్ మంచివాడే. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. లెక్కల సారు రిటైరై వెళ్లిపోయి, ఆ స్థానంలో ఎవరూ రాకపోతే, జమునను ఆఫీసు గదికి పిలిచి కుర్చీ చూపించి మరీ అడిగాడు.

"ఎనిమిదో తరగతి లెక్కలు మీరు జర అడ్జస్ట్ చెయ్యండి మేడమ్. కొత్త సారు వచ్చేదాక."

"నాది ఇంగ్లీష్ సార్."

"అందుకే గద మిమ్ములను అడుగుతున్న. మీరైతె చెయ్యగలరు."

పొద్దున్నే లేచి స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటే ఆ పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుని బడికి పోయేది. కొత్త సారు రాలేదు.

ఒకరోజు తొమ్మిదో తరగతి పాఠంలో ఈ మాటే వచ్చింది. నవీన అనే అమ్మాయి చెయ్యెత్తి, "మేడమ్, అడ్జస్ట్‌కు తెలుగుల ఏమంటరు?" అని అడిగింది. ఆ క్లాసులో ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లలున్నారు, మరాఠీ వాళ్లున్నారు, లంబాడీ పిల్లలున్నారు. కానీ ఆ మాట తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. తెలుగులో ఏమంటారో మాత్రం ఎవరికీ తట్టలేదు. జమున డిక్షనరీ తెరిచి చదివింది. సరిచేయు, అమర్చు, ఇమిడిపోవు, సర్దుకొను. పుస్తకంలోని వాక్యాలు బోర్డు మీద రాసింది. డ్రైవరు అద్దాన్ని అడ్జస్ట్ చేశాడు. ఆమె గడియారం పట్టీని అడ్జస్ట్ చేసుకుంది. తర్వాత పిల్లలను సొంత వాక్యాలు చెప్పమంది.

"మా అక్క అత్తగారింట్ల అడ్జస్ట్ అయితలేదు."

"మా ఇంట్ల కూర సరిపోకుంటె మా అవ్వ అడ్జస్ట్ చేస్కుంటది."

"మేం ఆరుగురం ఒక్క ఆటోల అడ్జస్ట్ అయినం."

క్లాసంతా నవ్వింది, జమున కూడా నవ్వింది. పుస్తకంలో అడ్జస్ట్ అయ్యేవి అద్దాలూ పట్టీలూ, వీళ్ల వాక్యాల్లో అయ్యేది మనుషులే అన్నది ఆ సాయంత్రం నోటుబుక్కులు దిద్దుతుంటే ఆమెకు తోచింది. తోచినంత తొందరగానే మరిచిపోయింది. ఇంకా నలభై నోటుబుక్కులు మిగిలున్నాయి.

ఆమె కూతురు కావ్య అప్పటికి ఏడు పూర్తి చేసి ఎనిమిదిలోకి వచ్చింది. రెండేళ్లకు పైగా లక్సెట్టిపేటలోనే తండ్రి దగ్గర, నానమ్మ పోశవ్వ దగ్గర పెరిగింది. ఆ ఎండాకాలం పోశవ్వ మోకాళ్లు పట్టేశాయి. ఒక ఆదివారం కరుణాకర్ మాట తీశాడు.

"నిర్మల్ దగ్గర గురుకులంల సీటొచ్చింది. అవ్వకు పొయ్యికాడ నిలవడుడు చాతనైతలేదు. నీకు నాకు నడుమల ఉంటది, ఇద్దరం వొయ్యి చూడొచ్చు."

"నా దగ్గరికి తీస్కపోత" అంది జమున.

"ఆ ఒక్క రూంల ఇద్దరేం ఉంటరు? నువ్వు పొద్దుగాల వోతె పొద్దుమీకి వస్తవ్. పిల్లలు తొందరగ అడ్జస్ట్ అయితరు జమునా. మనకే పరేషాన్."

జమున ఇంకాసేపు వాదించి ఉండొచ్చు. వాదించలేదు. నిజానికి ఆమె మనసులో ఒక మూల హాయిగానే అనిపించింది. ఆ గది, ఈ ఇల్లు, ఆ బడి, నడుమ బస్సులు. ఇన్నింటిలో ఒక్క ఫికర్ తగ్గుతుంది కదా అనుకుంది. జూన్‌లో కావ్య ట్రంకుపెట్టెకు తాళం వేసి, పేరు రాసి, హాస్టల్లో దింపి వచ్చారు.

హాస్టల్ వరండాలో పిల్లల కోసం ఒక ఫోను. మనిషికి ఐదు నిమిషాలు. మొదటి వారాల్లో కావ్య ఆ ఐదు నిమిషాలూ ఏడ్చేది.

"అమ్మా, నాకు నిద్ర వస్తలేదు. మంచానికి మంచానికి నడుమ జాగనే లేదు."

"కొత్తల గట్లనే ఉంటది బిడ్డా."

"నాలుగింటికే స్నానాల లైన్ల నిలవడాలె. సల్లటి నీళ్లు."

"అందరు పిల్లలు చేస్తలేరా? జర అడ్జస్ట్ అవ్వు. అలవాటైతది."

ఆగస్టు వచ్చేసరికి ఏడుపు ఆగింది. సెప్టెంబరులో ఐదు నిమిషాలు కాకముందే, "ఇగ పెడుతున్నమ్మా, ఎనక లైనుంది" అనడం మొదలైంది. జమున సంతోషపడింది. స్టాఫ్‌రూములో ఎవరు అడిగినా, "మా కావ్య అడ్జస్ట్ అయ్యింది" అని చెప్పేది. కరుణాకర్‌కు ఫోన్ చేసి కూడా అదే చెప్పింది. అతను, "నేనేమన్న?" అన్నాడు.

దసరా సెలవులు అయిపోయి హాస్టల్‌కు పోయిన వారానికి కావ్య చెప్పింది.

"అమ్మా, ఎడమ చెవిల పోటు వస్తుంది. మస్తు గుంజుతుంది."

"నీళ్లు వొయినయేమో. వార్డెన్ మేడమ్‌కు చెప్పినవా?"

"చెప్పిన. గోలి ఇచ్చింది. అయిన తక్కువైతలేదు."

"ఈ ఆదివారం నేను వస్త గద. నిర్మల్ల డాక్టర్‌కు చూపిస్త. అప్పటిదాక జర అడ్జస్ట్ అవ్వు బిడ్డా."

"సరే."

ఆ శుక్రవారం భానుప్రసాద్ స్టాఫ్‌రూములోకి వచ్చాడు. పైనుంచి ఒత్తిడి ఉందట, ఈసారి పదో తరగతిలో ఒక్కరు కూడా ఫెయిల్ కావద్దట. ఇంగ్లీషులో వెనకబడ్డవాళ్లు పద్నాలుగు మంది. "ఆదివారాలు స్పెషల్ క్లాస్ పెడదాం మేడమ్. దూరం వోయెటోళ్లని తెలుసు. ఐదారు వారాలు జర అడ్జస్ట్ చెయ్యండి." జమున నోరు తెరిచి, "మా పాపకు చెవి..." అని మొదలుపెట్టింది. సారు ముఖంలో నిజంగానే జాలి కనబడింది. "అయ్యో. కరుణాకర్ సారును పంపరాదు?" అన్నాడు.

కరుణాకర్ పోయాడు. కావ్య బిస్కట్లు తీసుకుంది, కొత్త జామెట్రీ బాక్సు తీసుకుంది. చెవిలో దూది ఉంది. ఏందని అడిగితే సల్లగాలికి అని చెప్పింది. డాక్టర్ దగ్గరికి పోదామా అంటే, "తక్కువైంది డాడీ, రేపు పరీక్షుంది" అంది. అతను గంటసేపు కూర్చుని వచ్చాడు. ఆ రోజు తను చెప్పిన మాటల్లో సగానికి కావ్య తల ఊపింది తప్ప జవాబు చెప్పలేదని అతనికి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

తర్వాతి ఫోన్లో జమున అడిగింది, "చెవి ఎట్లుంది?"

"బాగనే ఉందమ్మా."

ఆ తర్వాత జమున అడగలేదు. ఫోనులో కావ్య గొంతు మామూలుగానే ఉండేది, అడిగినదానికి వెంటనే జవాబు వచ్చేది. ఫోను కుడి చెవికి పెట్టుకుంటుందని ఇవతల ఉన్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఐదారు వారాలన్నవి ఎనిమిదయ్యాయి. ఆ ఎనిమిది ఆదివారాలు జమున పద్నాలుగు మంది ఇతరుల పిల్లలకు ఉత్తరాలు రాయడం, ఖాళీలు పూరించడం నేర్పింది. పిల్లలు నేర్చుకున్నారు కూడా.

డిసెంబరులో, అట్లాంటి ఒక ఆదివారం క్లాసు నడుమనే వార్డెన్ వినోద ఫోన్ చేసింది.

"మేడమ్, ప్రేయర్ల మీ కావ్య కండ్లు తిరిగి పడ్డది. జ్వరం బాగున్నది. చెవిలకెళ్లి చీము కారుతుంది. జర జల్ది రండి."

జమున చాక్‌పీసు చేతిలో పట్టుకునే బస్టాండుకు పోయింది.

కావ్య సిక్‌రూములో మంచం మీద పడుకుని ఉంది. తలకింద మడిచిన తువ్వాలు పచ్చగా తడిసింది. వినోద మేడమ్ గాబరా పడుతూనే, తన తప్పేమీ లేదని చెప్పడానికో, నిజంగా మెచ్చుకోవడానికో, ఒకటే మాట మళ్లీ మళ్లీ అన్నది.

"మీ పాప అసొంటి పిల్లను నేను సూడలే మేడమ్. మూడు వందల మంది పిల్లల్ల, ఒక్కనాడు నోరు తెరిచి ఇది గావాలె, ఇది బాగలేదు అనది."

నిర్మల్లో చూసిన డాక్టరు ఇక్కడ కాదన్నాడు. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారు. దారిలో జగిత్యాల దాటాక కావ్య కళ్లు తెరిచింది. జమున ఎడమ పక్కన కూర్చుని ఉంది. "నొస్తుందా బిడ్డా?" అంది. కావ్య చూస్తూ ఉండిపోయింది. జమున మళ్లీ అడిగింది. కావ్య మెల్లగా తల ఇటు తిప్పి, కుడి చెవి పైకి వచ్చేట్టు పెట్టి, "ఏందమ్మా?" అంది. జమునకు అప్పుడు అర్థమైంది.

కరీంనగర్లో చెవి డాక్టరు స్కానింగ్ కాగితాలు వెలుగుకు పట్టి చూశాడు.

"ఎన్ని రోజుల నుంచి ఇట్ల?"

"దసరా నుంచి" అంది కావ్య.

"దసరానా? ఇంత నొప్పి ఎట్ల ఓర్చుకున్నవ్? మీ అమ్మకు చెప్పలేదా?"

"చెప్పిన సార్. ఒకసారి."

డాక్టరు జమున వైపు చూశాడు. జమున కూతురి వైపు చూసింది. "మల్ల ఎందుకు చెప్పలే?" అని అడిగినప్పుడు ఆమె గొంతులో కోపం కూడా ఉంది. ఎవరి మీదో ఆమెకే తెలియని కోపం.

"నువ్వు అడ్జస్ట్ అవ్వమన్నవ్ గదమ్మా" అంది కావ్య. నింద వేసినట్టు కాదు, లెక్క ఎట్లా చేశావని టీచరు అడిగితే చెప్పినట్టు చెప్పింది. "అయిన."

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. చీము చెవి వెనక ఎముక దాకా పోయిందనీ, అది పూర్తిగా తీశామనీ, ప్రాణానికి భయం లేదనీ డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. వినికిడి మాత్రం చాలా పోయింది, మిగిలింది కొంచెమే. మాన్పించాల్సిన రోజులు దాటిపోయాయి. "మిషన్ పెడదాం. సౌండు ఎంత గావాల్నంటె అంత అడ్జస్ట్ చేసుకోవచ్చు. ఇంకో చెవి మంచిగనే ఉంది గద మేడమ్, పిల్లలు ఒక చెవితోని కూడ తొందరగ అడ్జస్ట్ అయితరు."

కరుణాకర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. జమున అతని దగ్గరికి పోయి, అందరూ వినేట్టే అంది.

"ఇన్నరా? పిల్లలు తొందరగ అడ్జస్ట్ అయితరట."

అతను తల వంచుకున్నాడు. ఆమెకు దానితో కడుపు చల్లబడలేదు. ఆ మాట అతను ఒక్కసారి అన్నాడు. తను ఎన్నిసార్లు అన్నదో లెక్కపెట్టబోయి ఆపేసింది.

సిరిసిల్ల నుంచి జమున తండ్రి పర్శరాములు వచ్చాడు. నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేసిన మనిషి. ఆ మరమగ్గాల మోతలో అతని చెవులూ మొద్దుబారాయి. మనవరాలి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి నిమురుతున్నాడు. అతని కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది.

"బాపూ, నేనే చేసిన ఇది" అంది జమున.

పర్శరాములు మనవరాలి చెయ్యి వదిలాడు. తర్వాత సగం వేలు చూసుకుంటూ అన్నాడు.

"గీ ఏలు తలుపుల వడి పోయిందని నీకు చెప్పిన. యాదికుందా?"

"ఉంది."

"తలుపు గాదు. సాంచ పోగులు తెంపుతుండె. బందు వెట్టి పానా వట్టాలె. సేటు అర్జెంటు మాలున్నది, బందు వెట్టకు, నడుస్తుంగనే జర అడ్జస్ట్ చెయ్యి పర్శరాములూ అన్నడు. చేసిన." వేలు పిడికిట్లో ముడుచుకున్నాడు. "ఇంటికొచ్చి మీ అవ్వకు, నీకు తలుపని చెప్పిన. ఎందుకంటె నిజం చెప్తె మీ అవ్వ సేటు మీదికి పోతుండె. పని పోతుండె."

"నాకన్న చెప్పేది ఉండె బాపూ."

"చెప్పేది ఉండె" అన్నాడు పర్శరాములు. "నువ్వు గూడ నా లెక్కనే ఊకునుడు నేర్సుకున్నవ్. నిన్ను సూసి గీ పొల్ల." మంచం మీద కావ్య నిద్రపోతోంది. తలచుట్టూ తెల్లటి కట్టు.

జమున ఆ వారమే భానుప్రసాద్‌కు ఫోన్ చేసి రెండు నెలలు రానని చెప్పింది. సారు నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే, "సెలవులు లేవు గద మేడమ్. ఏదన్న అడ్జస్ట్ చేద్దాం. వారానికి రెండు దినాలు వచ్చి సంతకం పెట్టిపోతె..." అన్నాడు.

"వద్దు సార్. జీతం కట్ చెయ్యండి."

"అట్ల గాదు మేడమ్, పదో తరగతి పిల్లలు..."

"వాళ్లు నా పిల్లలు గాదు సార్" అని జమున ఫోన్ పెట్టేసింది. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా ఆమెకు అన్నం సహించలేదు. అయినా మళ్లీ ఫోన్ చేసి వెనక్కి తీసుకోలేదు.

లక్సెట్టిపేట ఇంట్లో పోశవ్వ మనవరాలిని దగ్గరికి తీసుకుని ఏడ్చింది. కుట్లు మానాక, మిషన్ వచ్చాక, ఒకరోజు ఆమే దువ్వెన పట్టుకుని కావ్య జడ విప్పి జుట్టు ఎడమ పక్కకు మళ్లించి దువ్వింది.

"గిట్ల దువ్వుతె మిషను కానరాదు. ఆడివిల్ల, చెవి ఇనవడదని ఎవ్వలకు చెప్పకుండ్రి. రేపు పెండ్లికి..."

జమున అత్త చేతిలోంచి దువ్వెన లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఏదైనా విసిరేయడం అదే మొదలు. "అందరికి చెప్తది" అని అరిచింది. "క్లాసుల చెప్తది. బజాట్ల చెప్తది. నాకు ఇనవడ్తలేదు, గట్టిగ మాట్లాడుండ్రి అని చెప్తది." కావ్య లేచి వాకిట్లోకి పోయి దువ్వెన తెచ్చి, దుమ్ము తుడిచి, నానమ్మ చేతిలో పెట్టింది.

"దువ్వు నానమ్మా, ఏం గాదు" అంది.

ఏప్రిల్లో దంపతుల కేసుల లిస్టు వచ్చింది. జమునకు లక్సెట్టిపేట మండలంలోనే బడి దొరికింది. జిల్లా ఆఫీసులో అదే మనిషి ఆర్డరు కాపీ ఇస్తూ కంగ్రాట్స్ మేడమ్ అన్నాడు. ఆమె సంతకం చేసి తీసుకుంది. ఇచ్చోడ గది ఖాళీ చేసింది. జూన్‌లో కావ్యను తొమ్మిదిలో వేసింది. క్లాసులో మొదటి బెంచీలో, కుడి చెవి టీచరు వైపు ఉండేట్టు తానే పోయి కూర్చోబెట్టి వచ్చింది. రోజూ సాయంత్రం కావ్య రాగానే ఎదురుగా కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఇవ్వాళ తలనొచ్చిందా? మిషను గుచ్చుతుందా? ఎవరన్న ఏమన్న అన్నరా? కావ్య ప్రతిదానికీ తల అడ్డంగా ఊపేది. నవ్వేది కూడా. పాలు తాగి, పుస్తకాలు తీసుకుని తన గదిలోకి పోయేది.

జూలైలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం కావ్య తడిసి వచ్చి సాక్సులు విప్పి బాత్రూంలో పడేసింది. జమున వాటిని నానబెట్టబోతే తెల్ల సాక్సుల మడమల దగ్గర గోధుమరంగు మరకలు. ఉతికినా పోని పాత మరకల మీద కొత్తవి. ఆమె గదిలోకి పోయి కావ్య కాళ్లు చేతుల్లోకి తీసుకుని చూసింది. రెండు మడమలూ చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి. బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డాయి. బూట్లు తెచ్చి అరికాలికి ఆనించింది. వేలెడు చిన్నవి. పోయిన ఏడాది హాస్టల్‌కు కొన్నవి.

"ఎన్నొద్దుల సంది?"

కావ్య కాలు వెనక్కి లాక్కుంది. "ఏం నొస్తలేదమ్మా."

జమున ఆమెను చెయ్యిపట్టుకుని, ఆ ముసురులోనే, చెప్పులతో బజారుకు తీసుకుపోయింది. షాపాయన కావ్య కాలు కొలిచి ఒక జత తెచ్చి తొడిగాడు. లేసులు కట్టి, లేచి రెండడుగులు వెయ్యమన్నాడు. కావ్య షాపులో అటు చివరిదాకా పోయి వచ్చింది.

"ఎట్లున్నయ్?" అంది జమున.

"సరిపోయినయ్."

జమున వంగి బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. లోపల కూతురి వేలు ఎక్కడిదాకా ఉందో తోలు పైనుంచి తెలియలేదు. తల ఎత్తి కావ్య ముఖంలోకి చూసింది. అక్కడా ఏమీ తెలియలేదు. కుడి చెవి పక్కకు వచ్చి, మళ్లీ అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. ఒత్తుతున్నయా?"

"లేదమ్మా. మంచిగున్నయ్."

"దీని కన్న పెద్దది తియ్యండి" అంది జమున షాపాయనతో. అతను తీశాడు. కావ్య తొడుక్కుని నడిచింది. అవి కూడా సరిపోయాయంది. ఇంకో సైజు తెమ్మంది జమున. అవీ సరిపోయాయట. షాపాయన మూడు డబ్బాలు ముందు పెట్టుకుని, ఏవి ప్యాక్ చెయ్యమంటారని అడిగాడు. కావ్య వాన వైపు చూస్తూ నిలబడింది. జమున మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చుంది.